పట్టీ పురుగు

జూలై 3

ప్రియమైన అక్కా,

ఈ రోజు మొదటి ఆశ్చర్యం ల్యాబు తలుపు తీయగానే ఎదురైంది. బావ పంపిన మట్టి పూసింది!

వివరంగా చెప్తాను. లేకపోతే "సగం చెప్పి సగం మింగుతావు" అని తిడతావు. సీసాలోంచి చిటికెడు మట్టి తీసి నీళ్ళలో కలిపి, ఆ నీళ్ళని మళ్ళీ మళ్ళీ పలచన చేసి, గాజు పళ్ళేలలో గడ్డకట్టిన మేత మీద పూశాను. ఆ మేతలో ఒక రంగూ ఒక మందూ కలుపుతాం. నాజూకు సూక్ష్మజీవులు ఆ మందుకే చస్తాయి, మొండిఘటాలు మిగులుతాయి. మొదట్లో సూదిమొనంత చుక్కలు తప్ప ఏమీ లేవు. ఈ పొద్దున చూస్తే ఒక పళ్ళెం నిండా ఊదా రంగు బిళ్ళలు. నున్నగా లేవక్కా. ఎండినట్టు, ముడతలు పడి, చిన్నపిల్లల గౌనుకి నడుము దగ్గర నువ్వు కుచ్చిళ్ళు పెడతావే, అలా అంచులన్నీ మధ్యకి లాక్కుని ఉన్నాయి. 'ముడత' అనే మాట ఎంత బాగుందో చూడు. అంటుంటేనే పెదాలు ముడుచుకుంటాయి.

మా ల్యాబులో ఇలాంటిది ఎవరూ చూడలేదట. మూత కాస్త ఎత్తి వాసన కూడా చూశాను. తొలివాన పడ్డ నేల వాసన. ఎంత బాగుందంటే మూత మళ్ళీ ఎత్తాను.

ఇది కొత్త జాతి అయితే? మేడం సదస్సులకని వెళ్ళారు, నెలాఖరుకి గానీ రారు. ఆవిడ వచ్చేలోపు దీని జాతకం మొత్తం రాసేస్తాను. ఏం తింటుంది, ఏ వేడిలో బతుకుతుంది, ఈదుతుందా, ఏ మందుకి లొంగుతుంది, అన్నీ. కొత్త జాతి అని తేలితే కనిపెట్టినవాళ్ళే పేరు పెట్టవచ్చు. పేరులో రెండో మాట ఒక మనిషిది కావచ్చు. బావని వాళ్ళ ముఠాలో అందరూ గునపం అంటారు కదా. 'గునపెన్సిస్' అంటే ఎలా ఉంది? శాస్త్రం వాసన రావడం లేదూ?

నీకు ఫోన్ చేసి అరవాలనిపించింది. ఆ పాడు జ్వరం నీ చెవులు తినేయకపోతే అరిచేదాన్నే. పోనీలే, ఫోన్‌లో అరుపు అక్కడికక్కడే పోతుంది, కాగితం మీద అరుపు ఉండిపోతుంది.

బావకి చెప్పు: గోతి అడుగు మట్టే కావాలని నేను పట్టుబట్టినందుకు తిట్టుకున్నాడేమో, ఇప్పుడు మెచ్చుకోమను.

నీ ప్రశ్నల పుట్ట

*

జూలై 9

నా ప్రశ్నల పుట్టకి, మీ అక్క రాసేది,

నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించాను. నా గొంతు ఆయనకి ఒక్కడికే అర్థమవుతుంది. బయటివాళ్ళు వింటే రేకు మీద గోళ్ళు గీసినట్టుంటుందని మా అత్తే అన్నది, పెళ్ళిలో. నాకు వినబడదనుకుంది. వినబడలేదు, కనబడింది.

మీ బావ ఏమన్నాడో అచ్చంగా రాస్తున్నాను. "ఇరవై ఏళ్ళుగా ఊరంతటికీ గొట్టాలు వేయడానికి గోతులు తవ్వాను. ఒక్క వీధికైనా నా పేరు పెట్టారా? చివరికి పురుగుకి పెడతారన్నమాట. సరే, పెట్టమను. కరిచే పురుగైతే మాత్రం వద్దని చెప్పు." ఆయన జట్టులో బుంగ ఉన్నాడు కదా, ఆ పొట్టేసుకుని గోతిలోకి ఎలా దిగుతాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు, వాడైతే "గునపానికి తుప్పు పట్టడం చూశాంగానీ పురుగు పట్టడం ఇదే చూడ్డం వదినా" అని ఒకటే నవ్వు.

ఇక్కడ వానలు. గోతుల్లో మోకాలు లోతు బురద. మీ బావకి పార తగిలి మడమ తెగింది. తడి తగలకుండా ఉండమంటే వినడు. చుట్టూ గుడ్డ చుట్టి పట్టీ వేశాను. "ఆడపిల్లలా నాకు పట్టీలేంటే, మువ్వలు కూడా పెట్టు" అన్నాడు. సాయంత్రాలు కాస్త ఒళ్ళు వెచ్చబడుతోంది. చక్కెర రోగం ఉన్నవాడికి పుండు తొందరగా మానదని తెలుసు కదా, అందుకే బెంగ.

నిన్న ఒక తమాషా జరిగింది. పనినుంచి వచ్చి "బాట బాగోలేదు" అన్నాడు. నేను "పాట బాగోలేదు" అనుకుని "ఎవరు పాడారు?" అన్నాను. "మాట" అనుకుని ఉంటే పోట్లాట అయ్యేది. ప, బ, మ, ఈ ముగ్గురూ పెదాల మీద కవలపిల్లలే. చెవులున్నవాళ్ళకి వేరు, నాకు ఒకటే. నువ్వు మాటల్ని అంత ప్రేమిస్తున్నావు, ఈ సంగతి కూడా ఎక్కడైనా రాసిపెట్టుకో.

పురుగుల ధ్యాసలో తిండి మానకు.

నీ అక్క

*

జూలై 15

ప్రియమైన అక్కా,

పురుగు కాదు, సూక్ష్మజీవి! ఎన్నిసార్లు చెప్పాలి? పురుగుకి కాళ్ళుంటాయి. దీనికి వెనకాల ఒక తోక మాత్రమే ఉంది, దాన్ని తిప్పుకుంటూ ఈదుతుంది. ఒక నీటిచుక్కలో చూశాను. ఈత కాదు, చిందులు.

ముందు బావ సంగతి. జ్వరం తగ్గిందా? సాయంత్రాల జ్వరం అంటే నాకు నచ్చలేదు. వెళ్ళి చూపించుకోమను. నా మాటగా చెప్పు, నీ మాట ఎలాగూ వినడు.

ఇక దీని జాతకం. గాజుపలక మీద చిన్న మరక చేసి, వేడి చూపించి, రంగులు వేశాను. ఒక రంగు నిలబడితే ఒక తెగ, కడిగేస్తే పోయి రెండో రంగు పట్టేది ఇంకో తెగ. ఇది రెండో తెగ, గులాబి రంగు పట్టింది. అయితే ఒళ్ళంతా పట్టలేదు! రెండు చివర్లా ముదురు, మధ్యలో ఖాళీ. నువ్వు చూస్తే వెంటనే "పిన్నీసు" అంటావు. గాజుపలక నిండా ఎవరో పిన్నీసుల డబ్బా ఒలకబోసినట్టుంది. మనిషికి జ్వరం వచ్చినంత వేడిలో పెట్టినా హాయిగా పెరిగింది, ఇంకా ఎక్కువ వేడిలోనూ పెరిగింది. మట్టిలో ఉండేదానికి అంత వేడి ఎందుకు అలవాటైందో నాకు అంతు పట్టలేదు.

మందు బిళ్ళలు చుట్టూ పెట్టి చూశాను. మామూలు వాటిలో చాలావాటిని లెక్కే చేయలేదు, బిళ్ళ అంచుదాకా వచ్చి కూర్చుంది. రెండు మూడింటికి మాత్రం దూరంగా జరిగింది.

అన్నిటికంటే ముఖ్యమైనది చెప్తాను. దీని వారసత్వపు అక్షరాలని, అంటే డీఎన్‌ఏని, చదివించి, మా ల్యాబులో ఉన్న మట్టి జాతుల జాబితాతో పోల్చాను. ఒక జాతికి చాలా దగ్గరగా వచ్చింది. అది సాధువు, వరిమళ్ళలో బురదలో ఉంటుంది, ఎవరి జోలికీ పోదు. ఇదీ అదే అనుకుని నీరుగారిపోయాను. అప్పుడు చక్కెర పరీక్ష చేశాను. అరబినోజ్ అని ఒక చక్కెర ఉంది. ఆ సాధువు దాన్ని లొట్టలేసుకుని తింటుంది. మనది ముట్టలేదు! అన్నిసార్లూ ముట్టలేదు. అంటే మనది ఆ సాధువు కాదు, దాని చుట్టం. ఎవరూ పేరు పెట్టని చుట్టం!

'పేరు పెట్టడం' అంటే నామకరణం, 'పేర్లు పెట్టడం' అంటే తప్పులెంచడం. ఒక్క అక్షరంతో పుణ్యం పాపం అయిపోతుంది మన భాషలో. మేడం వచ్చి నా పనికి పేర్లు పెట్టకుండా ఉంటే చాలు.

నీ ప్రశ్నల పుట్ట

*

జూలై 21

చెల్లీ,

ఇది ఆస్పత్రి బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. మీ బావని చేర్చుకున్నారు.

జ్వరం మొండికేసింది. దగ్గు మొదలైంది, రొమ్ములో నొప్పి. మనిషి సగమయ్యాడు. ఫోటో తీస్తే ఊపిరితిత్తిలో మచ్చలు కనబడ్డాయట. క్షయ అన్నారు. డాక్టరు కాగితం మీద 'క్షయ' అని రాసి చూపించాడు, ఆ ఒక్కటే రాశాడు పాపం. మిగతాదంతా నోటితోనే. ఆయనకి పెద్ద మీసం. పై పెదవి సగం కనబడదు. నర్సులందరికీ మూతికి గుడ్డలు. చెవిటిదాన్ని తీసుకెళ్ళి మూగవాళ్ళ మధ్య పడేసినట్టుంది నాకు.

"నోరు చూపించి చెప్పండి బాబూ" అంటే, నా గొంతుకి అందరూ తిరిగి చూశారు. డాక్టరు కాస్త సిగ్గుపడి, మీసం పక్కకి తోసుకుని మళ్ళీ చెప్పాడు. నాకు అందినంత రాస్తున్నాను. రక్తం తీసి మీరు చేసినట్టే పళ్ళెంలో పెట్టారట. దాంట్లో ఏదో పెరిగిందట. "అది పట్టీ పురుగు, పట్టించుకోనక్కర్లేదు" అన్నాడు. కాలి పుండు మీద నేను వేసిన పట్టీలోంచి వచ్చిందనుకుంటా. సిగ్గుతో చచ్చిపోయాను. ఉతికిన గుడ్డే వాడాను చెల్లీ, నీళ్ళు మరిగించి ఉతికాను. అప్పటినుంచి రోజూ రెండుపూటలా పట్టీ మారుస్తున్నాను. పుండు మాత్రం మూతపడటంలేదు, పక్కన ఇంకో గడ్డ లేచింది.

క్షయ మందులు వేస్తున్నారు. "పని చేయడానికి వారాలు పడుతుంది, ఓపిక పట్టాలి" అని ఒక నర్సమ్మ రాసి చూపించింది. మంచి పిల్ల. ఓపిక నాకుంది, మీ బావ ఒంట్లో లేదు.

నిన్న కాస్త తెలివిగా ఉన్నప్పుడు నీ ఉత్తరం చదివి వినిపించాను. పిన్నీసులు, సాధువు, చక్కెర తినకపోవడం. "నాకు ఒళ్ళంతా చక్కెరే, దానికి చక్కెరే పడదా? మా ఇద్దరికీ పొసగదులే" అన్నాడు. నవ్వితే దగ్గు వచ్చింది, దగ్గితే రక్తం వచ్చింది. ఇక నవ్వించను.

రావాలనుకుంటున్నావేమో, నీ పని పాడుచేసుకోకు. వారాలు పడుతుందన్నారుగా.

నీ అక్క

*

జూలై 25, మధ్యాహ్నం

అక్కా,

ఈ ఉత్తరం సాయంత్రం బస్సులో పంపుతున్నాను. ముందు ఇది చదువు: బావకి ఉన్నది క్షయ కాదు. ఆస్పత్రివాళ్ళతో ఫోన్‌లో మాట్లాడాం. ఈ రోజే వేరే ఇంజెక్షన్ మొదలుపెడతామన్నారు. అది మొదలయ్యిందో లేదో నువ్వు చూడాలి. మొదలవకపోతే ఈ ఉత్తరంతో ఉన్న రెండో కాగితం డాక్టరు చేతిలో పెట్టు. అది మేడం రాసింది. ఆయన చదివేదాకా అక్కడినుంచి కదలకు.

ఇక జరిగింది చెప్తాను.

మేడం ముందే వచ్చేశారు. నేను పరుగున వెళ్ళి పళ్ళెం చూపించాను. ఆవిడ మొహం చూసి నా నవ్వు ఆగిపోయింది.

"మూత తీశావా?"

"తీశాను మేడం. వాసన కూడా..."

"కింద పెట్టు. మెల్లిగా. చేతులు కడుక్కో."

ఆ తర్వాత అడిగారు, "దేనితో పోల్చావు?"

"మన మట్టి జాబితాతో."

"రోగాల జాబితాతో?"

"ఇది మట్టిలోంచి వచ్చింది కదా మేడం."

ఆవిడే కుర్చీ లాక్కుని రోగాల జాబితా తెరిచారు. రోగాల జాబితాతో పోల్చడానికి ఎంతోసేపు పట్టలేదక్కా. అచ్చు గుద్దినట్టు సరిపోయింది. ఇది కొత్త జాతి కాదు. దీనికి పేరుంది, ఎప్పటినుంచో ఉంది. వానాకాలం బురదలో ఉంటుంది. తెగిన చర్మంలోంచి, పీల్చిన గాలిలోంచి ఒంట్లోకి పోతుంది. సాధువుకీ దీనికీ తేడా చెప్పే గుర్తుల్లో ఆ అరబినోజ్ ఒకటి. నేను పండగ చేసుకున్న గుర్తే. మన వైపు ఇది ఉందని ఎవరూ ఎప్పుడూ రాయలేదు కాబట్టి ఎవరూ వెతకలేదు.

మేడం ఇంకా చెప్తున్నారు: "చక్కెర రోగం ఉన్నవాళ్ళని ముందు పట్టుకుంటుంది. ఫోటోలో చూస్తే క్షయలాగే ఉంటుంది." అక్కడ నాకు చెవులు మూసుకుపోయాయి. గదికి పరుగెత్తి నీ ఉత్తరం తీశాను. 'పట్టీ పురుగు'. అద్దం ముందు నిలబడి గొంతు లేకుండా అన్నాను. పట్టీ పురుగు. మళ్ళీ అన్నాను. మట్టి పురుగు. అద్దంలో మనిషి రెండుసార్లూ ఒకటే మాట అంది.

డాక్టరు 'మట్టి పురుగు' అన్నాడక్కా. బావ రక్తంలో మట్టి పురుగు పెరిగింది. బయటినుంచి పడిందనుకుని వదిలేశారు. వాళ్ళకి మన వైపు వచ్చే రోగాల జాబితా ఒక్కటే ఉంది, అందులో లేనిదంతా మట్టి. మాకు మట్టి జాబితా ఉంది, అందులో లేనిదంతా కొత్త. ఆ రెండు జాబితాల మధ్య సందులో బావ పడ్డాడు.

మేడం డాక్టరుతో మాట్లాడారు. మొదటి పళ్ళెం పారేశారట. మళ్ళీ రక్తం తీస్తామన్నాడు. ఆ ఇంజెక్షన్ వాళ్ళ వార్డు బీరువాలోనే ఉందట. ఇన్నాళ్ళూ బావ మంచానికి పది అడుగుల దూరంలో ఉంది.

నేనే బయలుదేరేదాన్ని. కానీ నిన్నటినుంచి నాకు జ్వరం. మేడం నన్ను కదలనివ్వడం లేదు, ఆస్పత్రికి తీసుకెళ్తున్నారు. భయపడకు, మాకు అదేమిటో ముందే తెలుసు.

ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు. బావ కాలు ఎప్పుడు తెగింది? నా సీసా నింపిన రోజునా?

నీ చెల్లి

*

ఆగస్టు 4

అక్కా,

మీ ఆస్పత్రి నర్సమ్మ ఫోన్ చేసి మేడంకి చెప్పింది. మేడం వచ్చి నా మంచం పక్కన కూర్చుని, సూది లేని చెయ్యి పట్టుకున్నారు. నాకు అర్థమైపోయింది.

చేతికి సూది ఉంది, అక్షరాలు వంకర పోతున్నాయి, ఏమీ అనుకోకు. నా జ్వరం తగ్గింది. మొదటి రోజే సరైన మందు పడింది కాబట్టి తగ్గింది. ఆ మాట రాయడానికి నాకు సిగ్గుగా ఉంది.

ఆఖరి చూపుకి కూడా రాలేకపోయాను.

రెండోసారి తీసిన రక్తంలోదాన్ని మేడం స్వయంగా పరీక్షించారు. సీసాలో ఉన్నదీ బావ ఒంట్లో ఉన్నదీ ఒకటే. ఊదా రంగు, ముడతలు, అన్నీ అవే. జాతికి పేరు పెట్టడం కుదరదు గానీ, ఈ ఒక్క నమూనాని దాచిపెట్టేటప్పుడు దానికి గుర్తుగా ఒక పేరు ఇవ్వవచ్చట. "నీ ఇష్టం" అన్నారు మేడం. నా ఇష్టం ఏమిటో నాకు తెలియడం లేదు. నువ్వే చెప్పు.

మాటలంటే ప్రేమ అని ఎంత వాగానో. నీకు రాయడానికి ఒక్కటీ దొరకడం లేదు.

జవాబు రాయి. తిట్టయినా సరే.

నీ చెల్లి

*

ఆగస్టు 16

చెల్లీ,

మొదట నువ్వు తిండి సరిగ్గా తింటున్నావా, రాయి. మందు బిళ్ళలు నెలల తరబడి మింగాలని నర్సమ్మ చెప్పింది. జ్వరం తగ్గిందని మధ్యలో ఆపావంటే నేనే వచ్చి తంతాను.

నీ ఉత్తరం నాకు అందేసరికి కొత్త ఇంజెక్షన్ మొదలైంది. మొదలవడం నేను కళ్ళారా చూశాను. మర్నాడు కాస్త తెరిపిన పడ్డాడు. లేచి కూర్చోబెట్టమన్నాడు. "మీ చెల్లెలి పురుగు నన్ను కరిచిందటగా" అన్నాడు. అది నాకు స్పష్టంగా అందింది. కోపం లేదు ఆ మొహంలో. కాస్త గొప్పగా కూడా చెప్పినట్టనిపించింది. ఆ సాయంత్రానికి ఊపిరి అందలేదు. మూతికి గాలి గొట్టం ముసుగు పెట్టారు. ముసుగు లోపల ఆవిరి పట్టేసింది, పెదాలు కనబడలేదు. ఏదో చెప్తున్నాడని గడ్డం కదలికలో తెలుస్తోంది. ఒక్కసారి తీయండమ్మా అని బతిమాలాను. తీస్తే ప్రాణం పోతుందన్నారు. పెట్టినా పోయింది.

నువ్వు అడిగినదానికి నిజం చెప్తాను. అబద్ధం చెప్తే నీకు ఎప్పటికైనా తెలుస్తుంది, అప్పుడు ఇంకా బరువవుతుంది. అవును, ఆ రోజే తెగింది. సీసా కోసం అడుక్కి దిగినప్పుడే. కానీ చెల్లీ, నువ్వు సీసా అడగకపోతే ఆ రోజు ఆయన ఇంట్లో పడుకుని ఉండేవాడా? అదే గోతిలో, అదే బురదలో, అదే పారతో ఉండేవాడు. ఆ మాటకొస్తే నాకూ ఒకటి ఉంది. నేను 'మట్టి' అని సరిగ్గా చదివి నీకు రాసి ఉంటే నువ్వు ఆ రోజే ఎగిరి గంతేసేదానివి. మధ్యలో పోయిన ఆ రోజుల బరువు నాది. ఎవరూ వచ్చి నీ తప్పు కాదని నాకు చెప్పొద్దు, నువ్వు కూడా. నేను మోసుకోగలను.

అన్నీ అయ్యాక డాక్టరు దగ్గరికి వెళ్ళి కాగితం, కలం ఇచ్చాను. ఆ రోజు ఏమన్నారో రాయమన్నాను. 'మట్టి పురుగు అన్నాను. పట్టించుకోనక్కర్లేదు అన్నాను' అని రాశాడు. కింద సంతకం కూడా పెట్టాడు, ఎవరూ అడగకుండానే. ఆ కాగితం నేను దాచుకోలేదు. ఆయన బల్ల మీదే వదిలేసి వచ్చాను. ఆయనకే అవసరం.

ఇప్పుడు బుంగ సంగతి. మీ బావ పోయిన వారానికి వాళ్ళావిడ ఏడుస్తూ వచ్చింది. బుంగకి చలిజ్వరం, దగ్గు. వాడికీ చక్కెర ఉంది, ఆ పొట్ట ఊరికే రాలేదు. నేను వాడిని రిక్షాలో వేసుకుని తీసుకెళ్ళాను. ఆస్పత్రి గుమ్మంలో చీటీ రాసేవాడు పేరు, వయసు, వీధి అడుగుతున్నాడు. నేను బల్ల మీద కొట్టి "మట్టి! మట్టి తవ్వుతాడు! మట్టి!" అని అరిచాను. వరండా మొత్తం నా వైపే తిరిగింది. ఎంత గట్టిగా అరిచానో నాకు తెలియదు. లోపలి గదిలోంచి మీసం డాక్టరు పరుగెత్తుకొచ్చాడంటే గట్టిగానే అరిచి ఉంటాను. ఆ పూటే రక్తం తీసి, ఫలితం కోసం చూడకుండానే ఆ ఇంజెక్షన్ వేశాడు. తర్వాత వాడి రక్తంలోనూ అదే పెరిగింది. ఈసారి ఎవరూ పారేయలేదు.

బుంగ బతికాడు. మొన్న చూడ్డానికి వెళ్తే జావ బాగోలేదని నర్సుల్ని తిడుతున్నాడు. నన్ను చూసి తిట్టడం ఆపేశాడు. "గునపం పోయి బుంగ మిగిలిందేంటి వదినా" అన్నాడు. జావ తాగమన్నాను.

నీ సీసా లేకపోతే వాడికీ క్షయ అనే రాసేవాళ్ళు. ఇది నిన్ను ఓదార్చడానికి రాయడం లేదు. జరిగింది రాస్తున్నాను. నువ్వు అన్నీ వరసలో రాసుకునేదానివి కదా, ఇది కూడా ఆ వరసలో రాయి.

పేరు అడిగావు. ఆయన పేరు దానికి వద్దు. దానికి ఒక పేరుంది, అది చాలు. ఆయన పేరుకి ఆయన ఉన్నాడు.

మేస్త్రితో మాట్లాడాను, అంటే కాగితం మీద. కొత్త వీధిలో గోతులు మొదలుపెడుతున్నారు. పని మొదలయ్యే ముందు జట్టు మొత్తాన్ని ఒకచోట నిలబెడతానన్నాడు. "ఎవరు చెప్తారు?" అని రాశాడు. "నేనే" అని రాశాను. వాడు నా మొహం చూశాడు. "రాసివ్వండి, నేను చదువుతాను" అన్నాడు. వద్దన్నాను. మేస్త్రి చెప్తే ఇంకో రూలు అనుకుంటారు. గునపం పెళ్ళాం చెప్తే వింటారు.

నిన్నటినుంచి గోడ వైపు తిరిగి సాధన చేస్తున్నాను. చెప్పేది ఎక్కువ లేదు. కాలు తెగినవాడు మానేదాకా గోతిలోకి దిగొద్దు. జ్వరం వస్తే ఆస్పత్రిలో మీ పేరు కంటే ముందు మట్టి పని అని చెప్పండి. చక్కెర ఉన్నవాళ్ళు ఎవరో నాకు ఇప్పుడే చెయ్యెత్తి చూపించండి. 'మట్టి' అన్నప్పుడు గొంతులోంచి ఎలా వస్తోందో తెలియక, నర్సమ్మ అంటుంటే ఆమె మెడ మీద చెయ్యి పెట్టి చూసి సరిచేసుకున్నాను. ఇప్పుడు అర్థమవుతోందట. కుర్రాళ్ళు నవ్వుతారు, తెలుసు. నవ్వనీ, నాకెలాగూ వినబడదు.

రాత్రంతా వాన పడేలా ఉంది, గోతులు నిండుతాయి. రేపు పొద్దున్నే, వాళ్ళు పారలు అందుకోకముందే వెళ్ళాలి. చెప్పులు లేనివాళ్ళ కాళ్ళు ముందు చూస్తాను, ఆ తర్వాత మాట్లాడతాను.

మీ అక్క